రాతిలో పుట్టిన అణువులు

హైదరాబాదు నగరమునకు ఉత్తరదిశగా, కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై శామీర్‌పేట చెరువును దాటి తుర్కపల్లి వైపు సాగువారికి మార్గమునకు ఇరుప్రక్కల రెండు దృశ్యములు కానవచ్చును. మొదటిది గండశిలల గుట్టలు. శామీర్‌పేట మొదలుకొని మేడ్చల్ వరకు పొలముల నడుమను, చెరువుకట్టల చెంతను, క్రొత్తగా వెలసిన కాలనీల వెనుకను ఇవి తలయెత్తి నిలిచియున్నవి. రెండవది జీనోమ్ వ్యాలీ అను పేర ఈ ప్రాంతమున విస్తరించిన టీకాల కర్మాగారములు, ఔషధ పరిశోధనశాలలు. గుట్టలలోని గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున ద్రవరూపమున నున్న శిల చల్లారి గట్టిపడగా ఏర్పడినది. పరిశోధనశాలలలోని యువ రసాయనజ్ఞులు ఉదయమునుండి సాయంత్రమువరకు చేయు పని అణువులను ఒకదానినుండి ఒకటి వేరుపరచుట, తూచుట, వాని శుద్ధిని నిర్ణయించుట.

రాతికిని ఔషధపు అణువునకును సంబంధమేమని ఎవరైనను అడుగవచ్చును. ఆ గ్రానైటుకంటె దాదాపు 200 కోట్ల సంవత్సరములు ముందుగా పుట్టి, నేటికిని సూర్యుని చుట్టు తిరుగుచున్న కొన్ని నల్లని శిలలయందు, మన దేహములలోని మాంసకృత్తులకును జన్యుద్రవ్యమునకును మూలమైన అణువులు నిక్షిప్తములై యున్నవనియు, వానిని వెలికిదీసి గుర్తించిన ద్రవ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రములు తుర్కపల్లి చుట్టుప్రక్కల మాత్రల శుద్ధిని పరీక్షించు యంత్రముల జాతికి చెందినవే యనియు తెలిసినప్పుడు, ఆ సంబంధము తనంతట తానే స్పష్టమగును. జీవుల దేహములలో మాత్రమే పుట్టునని ఒకప్పుడు పెద్దలు తలచిన అణువులు, జీవస్పర్శ యెరుగని రాతిలోనికి ఎట్లు వచ్చినవి? వాని ఉనికి జీవముయొక్క ఉనికిని సూచించునా? ఈ ప్రశ్నలకు గత 50 సంవత్సరములలో లభించిన సమాధానములు మానవుడు తన్నుగూర్చి తాను తెలిసికొన్న విషయములలో మిక్కిలి గొప్పవని నా విశ్వాసము.

భీమవరపు శాస్త్రజ్ఞుడు కనుగొన్న అణువు

ఈ కథను మన తెలుగువారినుండియే ఆరంభింపవచ్చును. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలకు చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, తమ ఆచార్యుడైన సైరస్ ఫిస్కెతో కలసి, రక్తములోను ఇతర దేహద్రవములలోను భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని 1925లో ప్రకటించిరి. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యని జీవరసాయన విద్యార్థులందరును నేటికిని నేర్చుకొనునది ఇదియే. ఆ కొలతయే వారిని కండరములలోని భాస్వర సమ్మేళనముల అన్వేషణకు పురికొల్పినది. దాని ఫలముగా 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, సంక్షేపముగా ఏటీపీ అను అణువు లోకమునకు తెలిసినది. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని స్వతంత్రముగా కనుగొనెను. చీమ నడచినను, చింతచెట్టు చిగిర్చినను, ఈ వాక్యము వెంట పాఠకుని కన్ను కదలినను వ్యయమగు శక్తి ఈ అణువు చేతులమీదుగానే పోవును.

ఏటీపీని విడదీసి చూచినచో మూడు విధములైన భాగములు కనబడును. ఒకటి నత్రజని కలిగిన అడినీను అను క్షారము. రెండవది రైబోసు అను చక్కెర. మూడవది వరుసగా కూర్చబడిన మూడు ఫాస్ఫేటులు. మన జన్యుభాషలోని అక్షరములలో ఒకటి అడినీనే; ఆర్.ఎన్.ఏ.కు వెన్నెముక రైబోసు, ఫాస్ఫేటులే. సుబ్బారావుగారు సజీవ కండరమునుండి వేరుచేసిన ఈ అణువుయొక్క మూడు భాగములును, భూమికి వెలుపల పుట్టిన శిలలలో విడివిడిగా దొరకినవి. ఆ సంగతి వారి జీవితకాలమున ఎవరును ఊహింపలేదు.

జీవద్రవ్యములు నిర్జీవ ప్రకృతినుండి పుట్టియుండునను భావము మాత్రము అప్పటికే అంకురించినది. రష్యాలో ఒపారిన్ 1924లోను, ఇంగ్లండులో జె.బి.ఎస్. హాల్డేన్ సరిగా 1929లోను, ఆదిమ భూమిపై సూర్యకాంతియు మెరుపులును సాధారణ వాయువులను సంకీర్ణ కర్బన సమ్మేళనములుగా మార్చియుండునని వ్రాసిరి. ఆ హాల్డేన్ పండితుడు 1957లో భారతదేశమునకు వచ్చి, ఈ దేశ పౌరసత్వమును స్వీకరించి, 1964లో భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరిక ననుసరించి ఆయన పార్థివదేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల అధ్యయనార్థము సమర్పించిరి. జీవోత్పత్తిని గూర్చి అంతగా ఆలోచించిన మహనీయుని దేహము తుదకు తెలుగు విద్యార్థుల చదువునకు ఉపయోగపడుట మనము మరువరాని విషయము.

ఆ భావమునకు ప్రయోగరూపమున బలము చేకూర్చినవాడు అమెరికా దేశపు స్టాన్లీ మిల్లర్. 1953లో ఆయన మీథేను, అమోనియా, ఉదజని, నీటియావిరి నింపిన గాజుపాత్రలో విద్యుత్తు మెరుపులను ప్రసరింపజేయగా, కొన్ని దినములలోనే అమైనో ఆమ్లములు పుట్టినవి. 1960 ప్రాంతమున జువాన్ ఓరో అను శాస్త్రజ్ఞుడు అంతకంటె ఆశ్చర్యకరమైన విషయమును చూపెను. హైడ్రోజన్ సయనైడు అనునది ప్రాణాంతకమైన విషము. దానిలో ఒక ఉదజని, ఒక కర్బన, ఒక నత్రజని పరమాణువులుండును. అట్టి అణువులు ఐదు కూడినచో సరిగా ఒక అడినీను అణువగును. ఒక్క పరమాణువు మిగులదు, ఒక్కటి తక్కువపడదు. ప్రాణమును హరించు విషమే ప్రాణశక్తిని మోయు అణువునకు ముడిసరకు కాగలదని ఓరో ప్రయోగము నిరూపించినది.

మర్చిసన్ గ్రామముపై పడిన రాయి

ప్రయోగశాలలో సాధ్యమైనది ప్రకృతిలో జరిగినదా అను సందేహమునకు సమాధానము ఆకాశమునుండియే వచ్చినది. 1969 సెప్టెంబరు 28వ తేదీ ఉదయము ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున మర్చిసన్ అను గ్రామముమీద ఒక అగ్నిగోళము విచ్ఛిన్నమై, మొత్తము 100 కిలోలకు మించి నల్లని రాళ్లు కురిసినవి. వానిని చేతబట్టినవారికి స్పిరిట్ వంటి వాసన తగిలినది. ఇది కర్బనము సమృద్ధిగా గల అరుదైన ఉల్కాజాతికి చెందినది. చంద్రునినుండి అపోలో యాత్రికులు తెచ్చిన శిలలను పరీక్షించుటకు అమెరికాలో ప్రయోగశాలలన్నియు సిద్ధమైయున్న సమయమున ఇట్టి రాయి పడుట విజ్ఞానమునకు కలిసివచ్చిన భాగ్యము.

నాసా ఏమ్స్ కేంద్రమున దానిని పరీక్షించిన బృందమునకు నాయకత్వము వహించినవారిలో సిరిల్ పొన్నంపెరుమ ముఖ్యుడు. సింహళమున జన్మించి, మద్రాసు విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమున పట్టము పొంది, పిదప లండనులోను కాలిఫోర్నియాలోను రసాయనశాస్త్రము నభ్యసించిన ఈ పండితుడు, 1963లోనే కార్ల్ సాగన్ మొదలగువారితో కలసి, అతినీలలోహిత కాంతి సహాయమున ఏటీపీని ప్రయోగశాలలో కూర్చి చూపియుండెను. 1970 డిసెంబరులో ఆయన బృందము మర్చిసన్ రాతిలో గ్లైసీను, అలనీను, గ్లుటామిక్ ఆమ్లము, వేలీను, ప్రోలీను అను అమైనో ఆమ్లములు గలవని ప్రకటించినది. వానితోబాటు భూమిపై మాంసకృత్తులలో ఎన్నడును కానరాని అమైనో ఆమ్లములును అందు గలవు. మనుష్యుల చేతి చెమటనుండియో, నేలమట్టినుండియో ఇవి రాతికి అంటుకొన్నవను ఆక్షేపణకు ఆ అపరిచిత అణువులే సమాధానము చెప్పినవి.

అటుపిమ్మట జరిగిన పరిశోధనలలో మర్చిసన్‌లోని అమైనో ఆమ్లముల సంఖ్య 90కి మించినది. మన మాంసకృత్తులలోనివి మాత్రము 20. ఈ తేడాను పాఠకులు శ్రద్ధగా గమనింపవలెను. కొన్ని కర్బన పరమాణువులను ఎన్ని విధములుగా అమర్చుటకు వీలగునో అన్ని విధముల అమరికలును రాతిలో దొరకుచున్నవి. కర్బన పరమాణువుల సంఖ్య పెరుగుకొలది ఆయా అణువుల రాశి క్రమముగా తగ్గుచున్నది. ఇది ఎంపిక యెరుగని రసాయన చర్యయొక్క లక్షణము. జీవమట్లు చేయదు, అది కొన్నింటిని మాత్రమే ఎన్నుకొని, వానినే కోటానుకోట్లుగా తయారుచేసి, తక్కినవానిని వదలివేయును. 2011లో నాసా శాస్త్రజ్ఞులు ఉల్కలలో అడినీనును రూఢిపరచినప్పుడు, దాని ప్రక్కనే జీవశాస్త్రమునకు దాదాపు పనికిరాని దాని దాయాదులను గుర్తించి, అందరును రాతిలోనే పుట్టినవారని వాదించిరి. 2019లో జపాను శాస్త్రజ్ఞులు మర్చిసన్‌లో రైబోసును చూపినప్పుడు, అందలి కర్బనములో బరువైన ఐసోటోపు భూమిపై చక్కెరలలోకంటె అధికముగా నుండుటను సాక్ష్యముగా నిలిపిరి.

అతిశీతల మేఘమునుండి ఉప్పునీటి మడుగునకు

ఇక ఈ అణువుల పుట్టుకను మొదటినుండి చెప్పుకొందము. కర్బనము, నత్రజని, ఆమ్లజని నక్షత్రముల గర్భములలో తయారై, ఆ నక్షత్రముల అవసానకాలమున అంతరిక్షమునకు వెదజల్లబడును. నక్షత్రముల నడుమ వ్యాపించిన మేఘములలో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 260 డిగ్రీల వరకు పడిపోవును. అట్టి చలిలో కంటికి కనరాని ధూళికణములపై నీరు, కర్బన మోనాక్సైడు, అమోనియా మంచుపొరలుగా పేరుకొనును. అత్యంత తేలికయైన ఉదజని పరమాణువు మాత్రము ఆ చలిలోను మంచుపై సంచరించుచు, కర్బన మోనాక్సైడుతో కూడి ఫార్మాల్డిహైడుగా, మెథనాలుగా మారును. అతినీలలోహిత కిరణములు ఆ మంచును తాకి బంధములను తెగగొట్టును. మేఘము సాంద్రమై వేడెక్కునప్పుడు తెగిన శకలములు తిరిగి కలసి, పెద్ద అణువులగును. ఇది ఊహామాత్రము కాదు. అమోనియాను 1968లోను, ఫార్మాల్డిహైడును 1969లోను రేడియో దూరదర్శినుల సహాయమున ఆ మేఘములలో గుర్తించిరి. నేటివరకు గుర్తించిన అణువులు 300 దాటినవి. 2002లో రెండు ప్రయోగశాలలు ఇట్టి కృత్రిమ మంచుపై కిరణములను ప్రసరింపజేసి, పిదప ఆ శేషమును పరిశీలించి అమైనో ఆమ్లములను చూపినవి.

రెండవ ఘట్టము గ్రహశకలముల మాతృపిండములలో జరిగినది. సుమారు 456 కోట్ల సంవత్సరముల క్రిందట సూర్యుని చుట్టు ధూళియు మంచును కలసి పెద్ద పిండములుగా ఏర్పడినప్పుడు, వానిలో అల్యూమినియం–26 అను రేడియోధార్మిక పదార్థముండెను. 7 లక్షల సంవత్సరములకు సగమగుచు క్షయించు ఆ పదార్థము విడిచిన వేడిమికి లోపలి మంచు కరగి, రాతి పగుళ్లలోను రంధ్రములలోను గోరువెచ్చని నీరు ప్రవహించినది. మేఘమునుండి వచ్చిన ఆల్డిహైడులు, అమోనియా, హైడ్రోజన్ సయనైడు ఆ నీటిలో కలిసినవి. ఈ మూడును కలిసినచో అమైనో ఆమ్లము లభించునని జర్మను రసాయనజ్ఞుడు అడాల్ఫ్ స్ట్రెకర్ 1850లోనే చూపియున్నాడు. ఫార్మాల్డిహైడు నుండి చక్కెరలు పుట్టునని రష్యను రసాయనజ్ఞుడు బుట్లెరోవ్ 1861లో చూపియున్నాడు. వారు గాజుపాత్రలలో చేసిన పనిని అంతకు 456 కోట్ల సంవత్సరములకు పూర్వమే రాతిగర్భమున ప్రకృతి చేసియుండెను.

కావున ఈ అణువులు పుట్టినది మేఘములోనా, రాతిలోనా అను ప్రశ్నకు సమాధానము రెండు చోట్ల అనియే చెప్పవలెను. చిన్న అణువులు, అనగా ముడిసరకు, చలిమేఘములో పుట్టినవి; ఉల్కలలోని అణువులయందు బరువైన ఉదజని అధికముగా నుండుట ఆ చలికి గుర్తు. వానినుండి పెద్దవైన అణువులు చాలవరకు రాతిలోని నీటిలో పక్వమైనవి.

ఈ రెండవ ఘట్టమునకు ప్రత్యక్ష సాక్ష్యము బెన్నూ అను గ్రహశకలము నుండి లభించినది. సుమారు అర కిలోమీటరు వెడల్పు గల ఆ శిలాపిండమునొద్దకు 2016లో బయలుదేరిన ఒసైరిస్–రెక్స్ నౌక, 2020 అక్టోబరులో దాని ఉపరితలమును తాకి ధూళిని సేకరించి, 2023 సెప్టెంబరు 24న యూటా ఎడారిలో దింపినది. లభించినది 121.6 గ్రాములు. అంతకుముందు 2020 డిసెంబరులో జపానువారి హయబుసా–2 నౌక ర్యూగు అను గ్రహశకలమునుండి 5.4 గ్రాములు తెచ్చియుండెను. 2025 జనవరిలో వెలువడిన ఫలితముల ప్రకారము బెన్నూ ధూళిలో మాంసకృత్తులకు కావలసిన 20 అమైనో ఆమ్లములలో 14 గలవు. జన్యుభాషలోని ఐదు క్షారములును గలవు. అమోనియా విస్తారముగా గలదు. వీనితోబాటు నీరు ఆవిరియైనప్పుడు ఒకదాని వెంట ఒకటి పేరుకొను లవణములును దొరకినవి: సోడియం ఫాస్ఫేటు, సోడియం కార్బొనేటు, మనము తిను ఉప్పు. మేడ్చల్ పరిసరములలోనేమి, తెలంగాణములోని ఏ చవుడు నేలలోనేమి, వేసవిలో నీరింకినపిదప పైకి తేలు తెల్లని పొరలో ఈ సోడియం కార్బొనేటును మన రైతు ఎరుగును. బెన్నూ మాతృపిండములోను ఉప్పునీటి మడుగులుండి, క్రమముగా ఎండిపోయినవనుటకు ఆ లవణములే నిదర్శనము. 2025 డిసెంబరులో అదే ధూళిలో రైబోసును, గ్లూకోసును గూడ కనుగొనినట్లు జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇప్పుడు సుబ్బారావుగారి అణువును మరల తలచుకొందము. అడినీను బెన్నూలో గలదు, రైబోసు గలదు, ఫాస్ఫేటు గలదు. మూడును ఒకే పిడికెడు ధూళిలో గలవు. కాని ఆ మూడును కూడిన ఏటీపీ మాత్రము ఏ ఉల్కలోను, ఏ గ్రహశకలములోను ఇంతవరకు దొరకలేదు. భాగములను సిద్ధపరచుట నిర్జీవ ప్రకృతికి సులభము. వానిని సరియైన క్రమమున కూర్చి, కూర్చిన దానిని మరల మరల కూర్చుట మాత్రము జీవము చేయు పని.

కుడి, ఎడమల వివేకము

జీవముయొక్క ఎంపిక అన్నిటికంటె స్పష్టముగా కనబడు చోటు మరియొకటి గలదు. మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములలో గ్లైసీను తప్ప తక్కినవానికి రెండేసి రూపములుండును. కుడిచేయి ఎడమచేతిపై అచ్చుగా ఒదగనట్లు, ఒక రూపము రెండవదానిపై ఒదగదు. రెండింటిలోను అవే పరమాణువులు, అవే బంధములు. భేదము అమరికలో మాత్రమే. భూమిపై జీవులన్నియు మాంసకృత్తుల నిర్మాణమునకు ఎడమ రూపమును మాత్రమే వాడుకొనును. చక్కెరలలో కుడి రూపమును వాడుకొనును.

జీనోమ్ వ్యాలీ ఔషధశాలలలో పనిచేయువారికి ఈ భేదము నిత్యానుభవము. జలుబునకును దురదకును మనము వాడు సెట్రిజిన్ మాత్రలో రెండు రూపములును సమముగా నుండును. లివోసెట్రిజిన్ మాత్రలో ఒక్క రూపమే యుండును. ఔషధములలో ఒక రూపము మేలు చేయగా రెండవది నిరుపయోగమగుటయు, ఒక్కొక్కప్పుడు హాని చేయుటయు గలదు. కావున రెండింటిని వేరుచేసి కొలుచు నేర్పు ఈ ప్రాంతపు రసాయనజ్ఞులకు వృత్తిధర్మము.

గ్రహశకలపు ధూళిపై చేయు పరీక్షయు ఇట్టిదే. ఆవగింజంత రాతిని పొడిచేసి, గాజునాళములో అతిశుద్ధమైన నీటితో నింపి మూతిని కరగించి మూసి, 100 డిగ్రీల వేడిలో 24 గంటలుంచుదురు. ఆ కషాయమును వడగట్టి, ఆమ్లపు ఆవిరితో చర్య జరిపి, అమైనో ఆమ్లమునకు కుడి ఎడమలను వేరుపరచు ఒక సహాయక అణువును తగిలించి, సన్నని క్రొమటోగ్రఫీ గొట్టమున ప్రవహింపజేయుదురు. ఎడమ రూపమొక నిమిషమునను, కుడి రూపము మరియొక నిమిషమునను బయటికి వచ్చును. ప్రతిదానిని మాస్ స్పెక్ట్రోమీటరు తూచును. రాయి లేకుండ నీటిని మాత్రమే అదే విధముగా కాచి, ప్రక్కన సరిపోల్చి చూతురు. ఆ వట్టినీటిలో కానరానిదే రాతిదని అంగీకరింతురు.

బెన్నూ, ర్యూగులలో కుడి ఎడమ రూపములు దాదాపు సమముగా నున్నవి. ఇది జీవస్పర్శ లేదనుటకు ప్రబలమైన సాక్ష్యము. మర్చిసన్‌లో మాత్రము ఐసోవేలీను అను అమైనో ఆమ్లమున ఎడమ రూపము సుమారు 18 శాతము వరకు అధికముగా కనబడినది. ఈ ఐసోవేలీను మన మాంసకృత్తులలో లేదు గనుక, అది భూమిపై అంటుకొన్నదని చెప్పుట కష్టము. నక్షత్రములు పుట్టుచోట్ల మెలితిరిగి ప్రసరించు కాంతి ఒక రూపమును కొంచెమధికముగా నశింపజేసియుండుననియు, పిదప రాతిలోని నీరు ఆ చిన్న తేడాను పెంచియుండుననియు కొందరి అభిప్రాయము. భూమిపై జీవము ఎడమ రూపమును ఎన్నుకొనుటకు ఉల్కలే కారణమను ఊహకు మర్చిసన్ బలమొసగగా, బెన్నూ దానిని బలహీనపరచినది. ఇది ఇంకను తేలని వివాదము.

అంటుముట్టులేని సాక్ష్యము

ఈ శాస్త్రమున అన్నిటికంటె కఠినమైన నియమము పరిశుభ్రత. భూమిపై ప్రతి అంగుళమునందును జీవముండుటచేత, ఏ రాతిలోనైనను జీవద్రవ్యము దొరకినప్పుడు అది ఎక్కడిదను ప్రశ్న మొదట పుట్టును. 1864లో ఫ్రాన్సుదేశమున ఓర్గెయ్ వద్ద పడిన ఉల్కయొక్క ఒక ముక్కలో మొక్కల గింజలు కనబడగా, శతాబ్దము తరువాత 1964లో పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ఎవరో ఉద్దేశపూర్వకముగా వానిని జిగురుతో అతికించినట్లు తేల్చిరి.

ఈ నియమమును గౌరవించిన గొప్ప ప్రయోగమొకటి మన ముంగిటనే జరిగినది. నేడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో నున్న ఈసీఐఎల్ ప్రాంతమున టాటా పరిశోధనసంస్థవారు నడుపుచున్న జాతీయ బెలూను కేంద్రమునుండి, ఆకాశపు పైపొరలలో సూక్ష్మజీవులను వెదకుటకై ఇస్రోవారి ఆధ్వర్యమున 2005లో 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగుల బెలూనొకటి 459 కిలోల బరువుతో పైకి లేచినది. అందు పూర్తిగా శుద్ధిచేసి గాలిని తీసివేసిన 16 ఉక్కు గొట్టములు, 38 కిలోల ద్రవ నియానులో మునిగియుండెను. 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులలో ఒక్కొక్క గొట్టము తెరచుకొని, ఆ చలికి గాలి దానంతటదియే లోనికి గడ్డకట్టగా, మూసుకొనెను; పిదప అన్నియు పారాచూటు సహాయమున నేలకు దిగినవి. హైదరాబాదులోని సీసీఎంబీయును, పూనాలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రమును ఆ గాలిని పరీక్షించి, 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సముదాయములను పెంచిరి. వానిలో మూడు బాక్టీరియాలు అంతకుముందు ఎరుగని జాతులు; ఒకదానికి ఖగోళశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్ పేర, ఒకదానికి ఇస్రో పేర, ఒకదానికి ఆర్యభటుని పేర నామకరణము చేసిరి. అయినను 2009లో ఫలితములను ప్రకటించునప్పుడు, ఇవి భూమికి వెలుపలినుండి వచ్చినవని నిశ్చయముగా చెప్పజాలమని ఇస్రోవారు స్పష్టముగా తెలిపిరి. గొప్ప పేరు వచ్చు అవకాశము చేతిలోనుండగా సాక్ష్యము చెప్పినంతవరకే చెప్పి ఆగుట శాస్త్రధర్మము; ఆ ధర్మమును మనవారు నిలిపినందులకు మనము గర్వింపవలెను.

మనము చేయవలసినది

తెలుగునేలపైనను ఉల్కలు పడినవి. 1814లో గుర్రంకొండవద్ద, 1852లో నెల్లూరు ప్రాంతమున యాటూరువద్ద, 1870లో ఉత్తరాంధ్రమున నెడగొల్లవద్ద, 1934లో తిరుపతివద్ద పడినవి ప్రపంచపు ఉల్కాజాబితాలలో నమోదైనవి. వీనిలో నెడగొల్లది ఇనుము. తక్కినవి తమ మాతృపిండములలో బాగుగా వేడెక్కిన సాధారణ శిలలు. కర్బనము సమృద్ధిగా గల మర్చిసన్ జాతి రాయి ఇక్కడ పడినట్లు నమోదు లేదు. కాని 2017 జూన్ 6న తెల్లవారుజామున జైపూరు సమీపమున ముకుంద్‌పురా గ్రామపు పొలములో సరిగా ఆ జాతి రాయియే సుమారు 2 కిలోలు పడినది. పల్లెవారు వెంటనే తెలుపుటచేత అది త్వరలోనే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చేరినది. ఇట్టి రాయి మెత్తనిది. ఒక్క గట్టి వాన చాలు దానిలోని లవణములు కరగి మట్టిలో కలిసిపోవుటకు. బెన్నూలోని సోడియం లవణములు అంతవరకు ఉల్కలలో అరుదుగా కనబడుటకు కారణము, అవి భూమిపై తేమను తట్టుకొనజాలకపోవుటయే.

121 గ్రాముల ధూళికొరకు ఏడు సంవత్సరముల యాత్రయు, అపారమైన ధనమును అవసరమైనవి. అట్టి ధూళియే ఎప్పుడైనను శామీర్‌పేట చెరువుగట్టుపైనను, మేడ్చల్ దగ్గరి జొన్నచేనిలోనను పైసా ఖర్చులేకుండ వచ్చి పడవచ్చును. ఆకాశమున అగ్నిగోళమును చూచి, ఉరుమువంటి శబ్దమును విని, పొలములో క్రొత్తగా పడిన నల్లని రాతిని గుర్తించినచో, దానిని కడుగవలదు, చేతులతో తడుమవలదు, అయస్కాంతమును తాకింపవలదు, భక్తితోనైనను నూనె, పసుపు, కుంకుమ పూయవలదు. శుభ్రమైన అల్యూమినియం రేకులో చుట్టి, పొడిచోట నుంచి, పడిన సమయమును స్థలమును వ్రాసి, తహసీల్దారుకుగాని పోలీసుస్టేషనునకుగాని, హైదరాబాదు బండ్లగూడలోని భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కార్యాలయమునకుగాని వెంటనే తెలుపవలెను. ఉపాధ్యాయులు ఈ నాలుగు మాటలను బడిపిల్లలకు చెప్పినచో, పిల్లలు ఇండ్లలో చెప్పుదురు.

జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలలోను, జవహర్‌నగర్ బిట్స్ ప్రాంగణములోను క్రొమటోగ్రఫీ నేర్చుకొనుచున్న యువతీయువకులతో తుదకు ఒక మాట. మీరు నేర్చిన విద్య మాత్రల శుద్ధికి మాత్రమే పరిమితము కాదు. జీవమునకు పూర్వము ప్రకృతి ఏమేమి సిద్ధపరచినదో చెప్పగల విద్య అది. ఒక అణువులోని భాస్వరమును నమ్మకముగా కొలుచుట నేర్చి సుబ్బారావుగారు ఏటీపీని చేరిరి. గ్రహశకలముల ధూళిలో కొలువవలసినవి ఇంకను కొల్లలుగా గలవు. ఆ పనికి కావలసిన చేతులు మీవద్ద నున్నవి. పూనుకొనుడు.